కూర్చుని చేసే పని

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను టాపుగేరు. లారీ నడుపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు అనుకునేవారు. అసలు సంగతి అది కాదు. అన్నం తిన్నా, మాట్లాడినా, చొక్కా గుండీలు పెట్టుకున్నా అతనిది ఒకటే వేగం. సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన రోజున పొగలు కక్కుతున్న టీ ఒక్క గుక్కలో తాగేసి, నాలుక కాల్చుకుని, "నాకు నచ్చింది, బండి లోడుతో ఉంది, వస్తాను" అని లేచి వెళ్ళిపోయాడు. గుమ్మం పక్కన నిలబడి ఇదంతా చూసిన పిల్ల తమ్ముడు అప్పటికప్పుడు ఆ పేరు పెట్టాడు. ఆ తమ్ముడు పెరిగి తాపీ మేస్త్రి అయ్యాడు. పేరు మాత్రం బావగారికి అతుక్కుపోయింది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో టాపుగేరు వరసగా వారం రోజులు ఇంటిపట్టున ఉన్నది లేదు. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. రావడం, స్నానం చేయడం, పడి నిద్రపోవడం, లేచి ఉతికిన బట్టల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోవడం. "నువ్వు ఇంటికి రావడం కాదయ్యా, డీజిలు కొట్టించుకోవడానికి వస్తావు" అనేది భార్య. ఆమె హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ మర దగ్గర పని చేసేది. ఆ మాట కోపంగా అనేది కాదు, నవ్వుతూనే అనేది. అతనూ నవ్వేవాడు. నవ్వి వెళ్ళిపోయేవాడు.

అలాంటి మనిషి కుడి పాదం ఒక మధ్యాహ్నం రోడ్డు పక్కన టైరు మారుస్తుండగా, జాకీ జారి చక్రం కింద పడింది. వేళ్ళతో సహా పాదంలో ముందు సగం తీసేయాల్సి వచ్చింది. మడమ మిగిలింది. "మడమ ఉంది కదా, నిదానంగా నడుస్తారు" అన్నాడు డాక్టరు. నడుస్తాడు సరే, బ్రేకు తొక్కేది ఆ పాదంతోనే. ఆ సంగతి డాక్టరు ఎత్తలేదు, అతనూ అడగలేదు.

ఇంటికి తీసుకొచ్చి ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. రెండు గదులు, ఒక వంటగది, వెనక పంపు దగ్గర బట్టలుతికే కాస్త చోటు, అంతే ఇల్లు. మొదటి రోజుల్లో అతను కప్పు చూస్తూ పడుకున్నాడు. కప్పుని ఎంతసేపని చూస్తాడు? విసుగొచ్చి పక్కకి ఒత్తిగిలాడు. అప్పుడు తన ఇంటి నేల మొదటిసారి కంటబడింది.

పాత గచ్చు. ఎక్కడికక్కడ పెచ్చులు లేచిపోయి గుంటలు పడి ఉంది. ఎంత ఊడ్చినా ఇసుక లేస్తూనే ఉంటుంది. గడప దగ్గర ఒక గుంట అయితే గిన్నె బోర్లిస్తే అందులో పట్టేంత ఉంది. దానికంటే వింత ఏమిటంటే, భార్య వంటగదిలోకి వెళ్ళేటప్పుడు ఆ గుంట ముందు ఒక్క అడుగు చాచి వేస్తుంది. కూతురైతే అక్కడ ఎడమకి ఒరిగి వెళుతుంది. ఇద్దరిలో ఎవరూ కిందికి చూడరు. చేతిలో నిండు బక్కెట్టు ఉన్నా, కరెంటు పోయినా అంతే. ఆ ఇంట్లోని గుంటలన్నీ వాళ్ళ కాళ్ళకి కంఠతా వచ్చు.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పని నేర్చుకుంటోంది. సాయంత్రం వచ్చి తండ్రి కాలికి కట్టు మార్చేది ఆమే. మాట తక్కువ. తండ్రి రోజూ ఇంట్లో ఉండడం ఆమెకి కొత్త. దూరపు చుట్టం ఎవరో దిగినట్టు మర్యాదగా ఉండేది.

"ఈ నేల ఇలా ఎప్పుడు తయారైంది?" అని అడిగాడు ఒక రోజు.

"ఎప్పుడూ ఇలాగే ఉంది నాన్నా."

"నేను చూడలేదే!"

"నువ్వు వచ్చేది పడుకోవడానికి కదా. పడుకున్నాక నేలేం కనిపిస్తుంది" అంది గాజుగుడ్డ చుడుతూ.

చంకకర్రలు కాస్త చేతికి అలవాటయ్యాక అతనికి పాత వేగం గుర్తొచ్చింది. మంచినీళ్ళ కోసం తానే వంటగదికి బయల్దేరాడు. గడప ముందు కర్ర రబ్బరు మొన సరిగ్గా ఆ గుంటలోకి దిగింది. మనిషి ఒక పక్క, కర్రలు ఒక పక్క. మానుతున్న గాయం మళ్ళీ రక్తం చిమ్మింది. కూతురు కట్టు విప్పి శుభ్రం చేసి మళ్ళీ కట్టింది. ఒక్కమాట విసుక్కోలేదు. చివర్లో మాత్రం మెల్లగా అంది: "ఇల్లు నీదే నాన్నా. కానీ ఇందులో నడక మాకే తెలుసు. ఇంకోసారి లేవాలంటే మమ్మల్ని పిలువు."

ఆ పిల్ల మంచికే అంది. కానీ ఆ మాట అతని గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

ఆదివారం బావమరిది చూడడానికి వచ్చాడు. వస్తూనే గుమ్మంలోంచి అందుకున్నాడు. "ఏం బావా, టాపుగేరులోనే పడ్డావంట?"

"నవ్వు, నవ్వు. నీ రోజులు. తాపీ మేస్త్రి బావమరిది అయ్యుండి మా ఇంట్లో ఈ గుంటలేంట్రా?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. "చేద్దాం బావా. ఒక పెద్ద పని ఒప్పుకున్నా. అది కానీ, చేద్దాం."

"ఏళ్ళ తరబడి అదే పెద్ద పని. ఏం కడుతున్నావురా, సముద్రం మీద వంతెనా?" అంది అక్క వంటగదిలోంచి.

మేస్త్రి కుర్చీలోంచి లేవకుండానే టీ తాగి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు.

ఎదురింటి వరండాలో ఆ వారం ఎవరో టైల్స్ పరుస్తున్నారు. టాపుగేరుకి కిటికీలోంచి అదే కాలక్షేపం. పరిచే మనిషి పొద్దున కూర్చున్నవాడు సాయంత్రం దాకా కూర్చునే ఉన్నాడు. జరిగి జరిగి వెనక్కి వెళుతున్నాడు తప్ప లేవడం లేదు. చూస్తూ చూస్తూ టాపుగేరు మంచం మీద లేచి కూర్చున్నాడు. లోకంలో పనులన్నీ నిలబడో నడిచో చేసేవే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇది కూర్చుని చేసే పని!

"మన నేల నేనే వేస్తా" అన్నాడు భార్య రాగానే.

ఆమె సంచీ కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వా? ఫొటో తగిలించడానికి మేకు కొట్టమంటే గోడకి కిటికీ పెట్టినవాడివి!"

"అప్పుడు తొందరలో ఉన్నా."

"ఎప్పుడు లేవులే" అంది. కానీ వద్దనలేదు. ఎన్నో వారాల తర్వాత అతను గోడవైపు తిరక్కుండా తన ముఖంలోకి చూసి మాట్లాడాడని ఆమె గమనించింది.

తోటి డ్రైవరు ఒకతను టైల్స్ కొట్లో మూలపడిన పెట్టెలు చవగ్గా వస్తున్నాయని తెలుసుకుని, తన లారీలోనే తెచ్చి దింపిపోయాడు. పాత బేరింగులు నాలుగు తెప్పించుకుని, ఒక చెక్క పలకకి కింద బిగించి, టాపుగేరు తనకో బండి చేసుకున్నాడు. దాని మీద కూర్చుని ఎడమ కాలితో తోసుకుంటే గుంటలు తప్పించుకుంటూ ఇల్లంతా తిరగొచ్చు. ఆ బండి ఎక్కిన మొదటి రోజు భార్య పగలబడి నవ్వింది. కూతురు కూడా పెదవి బిగబట్టుకుని లోపలికి వెళ్ళి నవ్వింది.

ముందుగా లోపలి గది మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరూ పనికి వెళ్ళిన పూట చూసుకుని, ఊడ్చి, నీళ్ళు చల్లి, ఇసుక సిమెంటు కలిపాడు. పాత గచ్చు మీదే టైలుకి నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి, బోర్లించి, అరచేత్తో ఒక్క చరుపు చరిచి, తర్వాతది అందుకున్నాడు. పెట్టె తర్వాత పెట్టె ఖాళీ అయ్యింది. సాయంత్రం భార్య వచ్చేసరికి గది మొత్తం పరిచేసి, గుమ్మంలో చెమటలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు.

ఆమె నోరెళ్ళబెట్టింది. "ఒక్క రోజులోనే!"

"మరేమనుకున్నావు!"

ఆ ఉత్సాహంలో తడి ఆరిందో లేదో కూడా చూడకుండా మంచం లోపలికి జరిపించాడు. తెల్లవారేసరికి మంచం కోడు కింద టైలు టప్పున పగిలింది. ఆమె లేచి దీపం వేసి నడుస్తుంటే కాలి కింద ఒక టైలు కటకటలాడింది, పక్కది ఊగింది. వెలుగొచ్చాక రంగు సంగతి బయటపడింది. కిటికీ వైపు సగం తెల్లగా పాలలా ఉంది, గోడ వైపు సగం పలచటి టీలా ఉంది. పెట్టెలన్నిటి మీదా ఒకే బొమ్మ ఉందని నమ్మాడు గానీ, వేర్వేరు సార్లు కాల్చిన సరుకులో రంగు తేడా ఉంటుందని అతనికేం తెలుసు?

మంచం మళ్ళీ ముందు గదిలోకి లాగేశారు. కబురు విని బావమరిది వచ్చాడు. గోడ పట్టుకుని నిలబడే ఒక కర్ర తీసుకుని టైల్స్ మీద కొట్టుకుంటూ పోయాడు. కొట్టిన చోటల్లా డొల్ల శబ్దం. "బావా, ఇది నేలా, డప్పా?" అని నవ్వబోయి, బావ ముఖం చూసి ఆగిపోయాడు.

కోపం వస్తే ఒంటికాలి మీద లేస్తారని మాటవరసకి అంటాం. టాపుగేరు నిజంగానే ఒంటికాలి మీద లేచాడు. తాపీ విసిరేశాడు. అది తలుపుకి తగిలి కింద పడింది. "నావల్ల ఏం కాదు. లారీ పోయింది, కాలు పోయింది. ఈ పాడు నేల కూడా నాకు లొంగదు. ఆ మూల పడేయండి నన్ను!" అని కేకలు పెట్టి మంచం మీద ముసుగు తన్నాడు.

బావమరిది వెళ్ళిపోయాడు. భార్య మాత్రం వెళ్ళలేదు. మంచం పక్కన నిలబడింది.

"అయిందా? ఇప్పుడు నా మాట విను. ఈ నేల మీద నేను కడుపుతో నడిచా. పసిపిల్లని చంకనేసుకుని నడిచా. జ్వరంతో గోడ పట్టుకుని నడిచా. నీతో ఒక్కసారైనా చెప్పుకున్నానా? నువ్వు ఒక్క రోజు కూర్చుని, అది కుదరలేదని అలిగి పడుకున్నావు. ఇదేమన్నా రోడ్డా, దాటేసి పోవడానికి? ఇందులో ఉండాలయ్యా మనం."

అని, చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలి గదిలో కూర్చుంది. స్క్రూడ్రైవరు టైలు కింద దూర్చి, పగలకుండా మెల్లగా పైకి లేపసాగింది. లేపినదాన్ని లేపినట్టు గోడకి ఆనించింది. ఆ చప్పుడు ముసుగులోకి వినిపిస్తూనే ఉంది. చాలాసేపటికి బేరింగుల చప్పుడు కూడా వినిపించింది. టాపుగేరు వచ్చి ఆమె పక్కన ఆగాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. లేపిన టైలు తీసుకుని, వెనక అంటుకున్న సిమెంటుని ఉలితో గీకడం మొదలుపెట్టాడు. వాటిలో కొన్ని పగిలాయి. చాలావరకు దక్కాయి.

ఆ తర్వాత బావమరిది పని లేని పూటల్లా వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. నేర్పడమంటే, కుర్చీలో కూర్చుని కర్రతో చూపించడం. బడిపంతులులా. "పాత గచ్చు మీద గాట్లు పెట్టాలి బావా, లేకపోతే కొత్తది పట్టుకోదు. తర్వాత దుమ్మంతా కడుగు. మొత్తం ఒకే ఎత్తులో ఇసుక సిమెంటు మాలు పరుచు, ముద్దలు ముద్దలు కాదు. పైన సిమెంటు పాలు పొయ్యి. ఆ తర్వాత టైలు. రబ్బరు సుత్తితో తట్టు. కొట్టకు, తట్టు. చదునుగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడు. పెట్టెలన్నీ ఒకేసారి విప్పి ఒక్కో దాంట్లోంచి ఒక్కోటి తియ్యి, రంగులు కలిసిపోతాయి."

"ఇవన్నీ మొదట్లోనే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా బావా? హారను కొట్టకుండా దూసుకెళ్ళిపోయావు."

ముందు నేల వాలు ఎంత ఉందో తెలుసుకోవాలన్నాడు మేస్త్రి. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస వీధి గుమ్మం దగ్గర గోడకి భార్య పట్టుకుంది. ఇంకో కొస వెనక గోడకి టాపుగేరు పట్టుకున్నాడు. గొట్టంలో నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తులో నిలబడతాయి కాబట్టి గుర్తులు పెట్టి కొలిచారు. ముందు నుంచి వెనక్కి జానెడు తేడా ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె వంటగదికి దిగుతూ, వీధిలోకి ఎక్కుతూ ఉందన్నమాట.

గాట్లు పెట్టడం టాపుగేరే చేశాడు. సాయంత్రాలు భార్య లాండ్రీ నుంచి వచ్చి, వాచిన వేళ్ళని చన్నీళ్ళలో ముంచుకుని, అతను చెక్కిన పెళ్ళలు ఎత్తి పోసేది. రోజుల తరబడి పక్కపక్కన కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఏ గుంట దగ్గరికి వస్తే ఆ గుంట కథ చెప్పేది.

"ఇది గ్యాసు బండ జారి పడింది. తెచ్చినవాడు గుమ్మంలో పెట్టేసి పోతే నేనే దొర్లించుకొచ్చా."

"అప్పుడు నేనెక్కడున్నా?"

"ఏమో, ఉల్లిపాయల లోడని వెళ్ళావు."

"ఇది?"

"బీరువా జరిపాం, నేనూ పిల్లా. గోడకి చెమ్మ వచ్చిందని. అప్పుడు నువ్వు గాజు పలకల లోడు మీద ఉన్నావు. ఫోను చేస్తే 'తొందరగా చెప్పు' అన్నావు. ఏం లేదులే అని పెట్టేశా."

అతనికి తిరిగిన రోడ్లన్నీ లోడుల లెక్కన గుర్తున్నాయి. ఆమెకి ఏళ్ళన్నీ గుంటల లెక్కన గుర్తున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒక సంసారం అయింది.

గడప దగ్గర ఉన్న పెద్ద గుంట దగ్గరికి వచ్చేసరికి ఆమె ఏమీ చెప్పలేదు. అతనే అడిగాడు. పెళ్ళలు ఎత్తుతూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "పిల్ల పుట్టేముందు. నొప్పులొస్తే పక్కింటామెని పిలుద్దామని లేచా. నిప్పు ఆర్పి వెళదామని ఇనప కుంపటి చేత్తో ఎత్తా. దాంతోపాటే పడ్డా. ఆమె చప్పుడు విని వచ్చింది కాబట్టి సరిపోయింది."

పాప పుట్టిందని దారిలో ఎక్కడో ఫోను వచ్చినప్పుడు అతను లారీలో ఉన్న స్వీట్ల పెట్టె విప్పి టోల్ గేటు దగ్గర అందరికీ పంచిపెట్టాడు. అది గుర్తుంది. ఆమె పడిపోయిన సంగతి ఈ రోజుదాకా తెలియదు. ఉలి గుంట అంచున పెట్టాడు గానీ సుత్తి ఎత్తలేకపోయాడు.

"కొట్టు. ఎప్పటి సంగతో" అంది ఆమె.

"ఉండు" అన్నాడు. అరచేత్తో గుంటలోని దుమ్ము తుడిచాడు. తర్వాత మెల్లగా, గాయం చుట్టూ ఉన్న గాజుగుడ్డ విప్పినట్టు, అంచుల నుంచి చెక్కాడు.

రెండోసారి పరచడం మొదలయ్యాక పని నత్తనడక నడిచింది. ఒక వరస, మళ్ళీ దారం కట్టి చూసుకోవడం, ఇంకో వరస. "ఫస్టుగేరు బావా, ఫస్టుగేరు" అనేవాడు బావమరిది కుర్చీలోంచి. లోపలి గది అయింది. పరిచిన చోట ఎవరూ కాలు పెట్టకుండా తలుపుకి అడ్డంగా తాడు కట్టి, సందుల్లో పొడి నింపి తుడిచే రోజు దాకా టాపుగేరు కాపలా కాశాడు. తాడు తీసిన పూట భార్య చేత్తో దుప్పట్లు పట్టుకుని వస్తూ, ఎప్పుడూ గుంట ఉండే చోట అలవాటు కొద్దీ అడుగు చాచి వేసింది. చదును నేల మీద అలా గెంతి, తనని తానే చూసుకుని సిగ్గుపడి నవ్వింది. అతను ఆ నవ్వు చూసి ఆ రోజంతా పని చేయకుండా ఈల వేసుకుంటూ తిరిగాడు.

ముందు గదిలో ఒక మధ్యాహ్నం అసలు సంగతి జరిగింది. ఇంట్లో బావా బావమరుదులిద్దరే ఉన్నారు. గోడ మూలలో కోసి పెట్టాల్సిన ముక్క ఒకటి ఎంతకీ కుదరడం లేదు. టాపుగేరు మూడుసార్లు తీశాడు, పెట్టాడు. మేస్త్రికి చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. "అది కాదు బావా, ఇటివ్వు" అంటూ కుర్చీలోంచి దిగి గొంతుకు కూర్చున్నాడు. ముక్క అందుకున్నాడు. నేర్పుగా ఒక అంచు అరగదీసి పెట్టాడు. టక్కున కూర్చుంది. అంతా బాగానే ఉంది. లేవబోయాడు. లేవలేకపోయాడు.

మొదట టాపుగేరు హాస్యమనుకున్నాడు. తర్వాత ముఖం చూశాడు. ముఖం రంగు మారిపోయింది, నుదుటి మీద చెమట. గోడ మీద చేతులు వేసి లేవబోతే మోకాళ్ళు కటకటమన్నాయి. మళ్ళీ కూలబడ్డాడు.

"ఏంట్రా? ఏమైంది?"

"ఏం లేదు బావా. తిమ్మిరి."

"తిమ్మిరికి కళ్ళలో నీళ్ళొస్తాయా?"

మేస్త్రి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మోకాళ్ళు పోయాయి బావా. ఇన్నేళ్ళు గొంతుకు కూర్చుని కూర్చుని అరిగిపోయాయి. ఇప్పుడు పరిచేదంతా నా కింద కుర్రాళ్ళే. నేను నిలబడి కేకలేస్తా. ఈ సంగతి బయట తెలిస్తే నన్ను పనికెవడు పిలుస్తాడు? మీ ఇంటికొస్తే అక్క నన్నే కూర్చుని పరచమంటుంది. అక్క ముందు దాచలేను. అందుకే తప్పించుకు తిరిగా."

టాపుగేరు ఖాళీ కుర్చీ వైపు చూశాడు. అన్నీ గుర్తొచ్చాయి. ఆ కుర్చీ, ఆ కర్ర, గోడ పట్టుకుని నడవడం. రోజూ కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూడకపోవడం తనకి అలవాటే అనిపించింది.

"ముందు లేవాలి కదరా. పద, నన్ను పట్టుకో."

పట్టుకున్నాడు. ఇతనికి పాదం లేదు, అతనికి మోకాళ్ళు లేవు. ఇద్దరూ కలిసి లేవబోయి, కలిసే కింద పడ్డారు. ఇంకోసారి ప్రయత్నించారు, ఇంకోసారి పడ్డారు. ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఉన్న పట్టు కూడా జారిపోయింది. చివరికి టాపుగేరు తన చక్రాల బండి అతని కిందికి తోశాడు. మేస్త్రి దాని మీదికి జరిగాడు. టాపుగేరు వెనక కూర్చుని, చేతులతో తోసుకుంటూ, మంచం వైపు నడిపించాడు.

సరిగ్గా అప్పుడు భార్య గుమ్మంలోకి వచ్చింది. తమ్ముడు చిన్నపిల్లాడిలా బండి ఎక్కి ఉన్నాడు. మొగుడు వెనక దేకుతూ నోటితో లారీ చప్పుడు చేస్తున్నాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

"ఏంటిరా ఈ వేషాలు?" అంది.

సంగతి విన్నాక నవ్వలేదు. తమ్ముడి పక్కన మంచం మీద కూర్చుని, పంచె పైకి లాగి మోకాళ్ళు చూసింది. రెండూ బండరాళ్ళలా వాచి ఉన్నాయి. "నాతో చెప్పడానికేం రోగంరా నీకు" అంటూ నెత్తి మీద ఒకటి మొట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉంచింది. మర్నాడు తన పనికి సెలవు పెట్టి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. మళ్ళీ గొంతుకు కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ గది పూర్తయ్యే లోపల ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు. మేస్త్రి నిలబడి కొలుస్తాడు, దారాలు కడతాడు, టైలు కోస్తాడు, ఇంటివాళ్ళతో మాట్లాడతాడు. టాపుగేరు కూర్చుని పరుస్తాడు. "ఇద్దరినీ కలిపితే ఒక మనిషి లెక్క" అంది ఆమె. "ఒకటిన్నర" అని సరిదిద్దాడు తమ్ముడు.

మొదటి బయటి పని మంగలి షాపులో దొరికింది. బండి మీద ఒకడు, చేతికర్రతో ఒకడు లోపలికి వస్తుంటే షాపు యజమాని బెంబేలెత్తిపోయాడు. "వేరే మనుషులు వస్తారా?" అని అడిగాడు ఆశగా. "మేమే" అన్నాడు మేస్త్రి. పని ఏమంత గొప్పగా మొదలవలేదు. కుర్చీల కింద ఒక వరస తేడా వచ్చి మొత్తం లేపాల్సి వచ్చింది. టాపుగేరు ఈసారి తాపీ విసరలేదు. లేపి, గీకి, మళ్ళీ పరిచాడు. యజమాని రసమట్టం తానే తీసుకుని ప్రతి మూలా పెట్టి చూసుకుని, తల ఊపి, ఇద్దరికీ ఉచితంగా గడ్డం గీసి పంపాడు.

లారీ షెడ్డు యజమాని మధ్యలో కబురు పెట్టాడు, గేటు దగ్గర కాపలా పని ఉందని. వద్దని చెప్పడానికి టాపుగేరు స్వయంగా వెళ్ళాడు. వచ్చేటప్పుడు తన పాత లారీ షెడ్డులోంచి బయటికి వెళుతోంది. కొత్త డ్రైవరు మలుపు దగ్గర కాస్త వేగంగా తిప్పాడు. టాపుగేరు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. చెప్పులో, లేని వేళ్ళు బ్రేకు కోసం వెతుక్కున్నాయి. ఇంటికొచ్చాక ఆ రోజు తాపీ ముట్టుకోలేదు. భార్య అన్నం పెట్టి పక్కన కూర్చుంది. అలాంటి రోజులు తర్వాత కూడా వచ్చాయి. రాకుండా పోలేదు.

ఇంట్లో మాత్రం కొత్త తలనొప్పి మొదలైంది. నేల వేసినప్పటి నుంచి టాపుగేరుకి దాని మీద ఈగ వాలినా కోపమే. మంచం కోళ్ళకి రబ్బరు ముక్కలు తొడిగాడు. కుర్చీ ఈడిస్తే గయ్యిమంటాడు. ఆసిడ్ సీసా ఇంట్లోకి రానివ్వడు, సందుల్లో పూత తినేస్తుందని. గుడ్డ గట్టిగా పిండి తుడవాలి, నీళ్ళు వరదలా పొయ్యకూడదు. కూతురు ల్యాబు నుంచి వచ్చి సంచీ దబ్బున పడేస్తే ఎక్కడున్నా బేరింగుల చప్పుడు చేసుకుంటూ వచ్చేస్తాడు.

"అమ్మా, నాన్నని మళ్ళీ లారీ ఎక్కించవే. ఇంట్లో నడవలేకపోతున్నాం" అంది ఒక సాయంత్రం.

"ఎక్కిద్దాం. ముందు ఆ వెనకది పూర్తి కానీ" అంది తల్లి.

వెనకదంటే పంపు దగ్గర చోటు. అదొక్కటే మిగిలింది. అక్కడ నేల చదునుగా ఉండకూడదు, నీళ్ళు తూములోకి పోవడానికి వాటం ఉండాలి. రెండు రోజులుగా టాపుగేరు దానితోనే కుస్తీ పడుతున్నాడు.

"ఇటు రా, ఇటు రా" అని కేక వేశాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. మగ్గుతో నీళ్ళు పోసి చూపించాడు. నీళ్ళు సాఫీగా తూము వైపు జారాయి. పంపు కింద మాత్రం అరచేయంత మడుగు ఆగిపోయింది.

"బాగుంది" అంది ఆమె.

"మడుగు కనిపించడం లేదా?"

"ఎండకి అదే ఆరుతుంది. వదిలెయ్యి."

"ఆరదు. పాచి పడుతుంది. నువ్వు బట్టలుతికేది అక్కడే, జారతావు" అంటూ అప్పటికే ఉలి అందుకున్నాడు. ఆమె పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది, తీసిన టైలు చేతికి అందుకోవడానికి.